మొక్కల ముచ్చట: ఈసారి మొత్తం కాగితం పూలే

పోయిన సంచికలో ఊకనే ఒక్క మాట రాసిన, కాగితం పూల చెట్టును ఎక్కువ గారాబం చేస్తే పూయదు అని. అంతే, ఇగ చూడండి, పత్రిక ఆఫీసోళ్ళు ఒక పెద్ద కవర్ల కుక్కి పంపిండ్రు మీ ఉత్తరాలు, అవి కాక వాట్సాప్‌లో ఫోటోలు, ఒకాయన అయితే చెట్టు చుట్టూ తిరుగుకుంట వీడియో తీసి పంపిండు, వెనక కుక్క మొరుగుతున్నది కూడా వినిపిస్తుంది. బోగన్‌విల్లా, బోగన్‌విలియా, బోగన్ వెల్లి, కాయితాల పూలు, ఒక్కొక్కరు ఒక్కో పేరు రాసిండ్రు, అన్నీ ఒకటే. గులాబీ, మల్లె ప్రశ్నలు వచ్చే నెలకు ఆపిన, ఏమనుకోకండి. ఒకటే ప్రశ్న నలుగురైదుగురు అడిగినకాడ ఒకరిది తీసుకున్న.

అక్కా నమస్తే. మాది హనుమకొండ, నక్కలగుట్ట. కాంపౌండ్ వాల్ పక్కన కాగితం పూల చెట్టు పెట్టి మూడేండ్లు అయితుంది. నర్సరీల తెచ్చిననాడు నిండుగ పూలున్నయి, ఆ తర్వాత ఒక్కసారి కూడ సక్కగ పూయలె. పొద్దున సాయంత్రం నీళ్ళు పోస్తున్న, నెలకోసారి యూరియా గుప్పెడు ఏస్తున్న. ఆకులు అడివి లెక్క పెరిగినయి. ఇంకేం ఏయాలె?

ఇంకేం ఏయకు చెల్లె, ఏసేది ఆపు. నీ ఫోటో రెండుసార్లు జూమ్ చేసి చూసిన, ఆకు అరచెయ్యంత ఉంది, ముదురు ఆకుపచ్చ, కొమ్మలు గోడ దాటి రోడ్డు మీదికి ఉరుకుతున్నయి. చెట్టుకు ఏ రోగం లేదు, మస్తు ఆరోగ్యంగ ఉంది, అసలు సమస్యే అది. రోజుకు రెండుసార్లు నీళ్ళు, నెలనెలా యూరియా దొరికినంక దానికి పూయాల్సిన అవసరం ఏముంటది చెప్పు, హాయిగ ఆకులేసుకుంట కూర్చుంటది.

ఈ చెట్టు పుట్టింది దక్షిణ అమెరికాలో, బ్రెజిల్, బొలీవియా, పెరూ, అర్జెంటీనా దిక్కు. అక్కడ కొన్నాళ్ళు వానలు, కొన్నాళ్ళు ఎండుగాలం. వానల్ల కొమ్మలు పెంచుకుంటది, నేల ఎండంగనే పూతకొస్తది. మన దగ్గర కూడ గదే లెక్క, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆకు, నవంబర్ నుంచి మే దాకా పూలు. ఇంకొకటి, పగటి పొడుగు. మన వరంగల్‌లో జూన్‌లో పగలు 13 గంటల పైన ఉంటది, డిసెంబర్‌కు వచ్చేసరికి 11 గంటలకు దిగుతది. పగలు చిన్నగైన కొద్దీ ఈ చెట్టుకు పూత మోజు పెరుగుతది. అంటే కాలం నీకు సాయం చేసే టైమ్ ఇప్పుడే వస్తుంది, నువ్వు పైపు పట్టుకొని దాన్ని చెడగొట్టకుంటే చాలు.

ముందుగాల ఒక ఆదివారం పొద్దుగాల నుంచి చెట్టు మీద ఎండ ఎప్పుడు పడ్డది, ఎప్పుడు పోయింది రాసుకో. నీ ఫోటోలో పక్కింటోళ్ళ మూడంతస్తుల బిల్డింగ్ కనిపిస్తుంది, దాని నీడ పడుతుందేమో చూడు. తిన్నగ పడే ఎండ ఐదారు గంటలన్న లేకపోతే నీళ్ళు ఆపినా, ఎరువు మార్చినా లాభం లేదు, పూలు అక్కడొకటి ఇక్కడొకటి వస్తయి అంతే. ఎండ సరిపోతే మిగతావి నీ చేతిల ఉన్నయి.

నేలలో పెట్టి మూడేండ్లయిన చెట్టు కాబట్టి వానలు వెనకపట్టు పట్టినంక నీళ్ళు పూర్తిగ ఆపు. మధ్యాహ్నం చివరాకులు కొంచెం వాలినట్టు కనిపిస్తయి, భయపడి బకెట్ తేకు. పొద్దుటికి లేచి నిలబడితే ఇంకో రెండ్రోజులు ఆగు, పొద్దున కూడ వాలే ఉంటే అప్పుడు ఒక్కసారి నిండుగ పోయి, మళ్ళ మర్చిపో. యూరియా అయితే బంద్. దాని బదులు పూత టైమ్‌ల రెండు పిడికిళ్ళ బొక్కల పొడి (ఎముకల పొడి), కొంచెం పొటాష్, మాగిన పెంట ఎరువు, చాలు.

ఇంక కత్తెర. ఈ పూలు కొత్త కొమ్మల మీద, చివర్ల దిక్కే వస్తయి. నువ్వు మూడేండ్లు కత్తెర పెట్టలేదు కాబట్టి పొడుగాటి కొరడాల లెక్క పోయినయి. సెప్టెంబర్ ఆఖర్ల, వాన లేని రెండు మూడు రోజులు చూసుకొని మూడో వంతు కొట్టెయ్యి. కొత్త చిగుళ్ళు జానెడు పెరగంగనే కొసలు గోటితో తుంచు, ఒక్క కొమ్మ కాడ రెండు మూడు వస్తయి. నెలన్నర, రెండు నెలల్ల రంగు కనపడాలె. ఒకసారి విరగబూసి అయిపోయినంక మళ్ళ లైట్‌గ కొట్టాలె, అట్ల ఎండకాలం లోపు రెండు మూడు పూతలు తీయొచ్చు.

ఒక విషయం దగ్గరికి పోయి చూడు. ఆకు కాడ మొదట్ల ముల్లు ఉంటది కదా, పూల గుత్తి కూడ సరిగ్గ అదే చోటు నుంచి పుడుతది. అంటే ఆ జాగల ముల్లు రావాల్నా, పువ్వు రావాల్నా అనేది చెట్టు తేల్చుకుంటది. పొడుగాటి బలిసిన కొమ్మ మీద ముళ్ళే ఎక్కువ. నీ చెట్టు మీద ఎన్ని ముళ్ళున్నయో లెక్కబెట్టు, అన్ని గుత్తుల జాగలు పోయినట్టు.

మేడమ్ గారికి నమస్కారం. మాది గోదావరిఖని. మా క్వార్టర్ ముందున్న బోగన్‌విల్లాకు పోయిన జనవరిలో ఆకులన్నీ రాలిపోయినయి, చెట్టు చచ్చిపోయిందని మా ఆయన కొట్టేద్దామన్నడు. నేను ఆపిన. ఫిబ్రవరిలో మొత్తం గులాబీ రంగు. ప్రతి ఏడు ఇట్లనే అయితదా?

మంచి పని చేసిండ్రు ఆపి. కొన్ని చెట్లు ఏడాది పొడుగూత పచ్చగుంటయి, కొన్ని మోదుగ లెక్క మొత్తం ఆకు రాల్చి నిలబడుతయి. ఇది మధ్యరకం. నీళ్ళు బాగుండి చలి లేకపోతే ఆకు ఉంచుకుంటది, నీళ్ళు తక్కువైనా చలి గట్టిగ కొట్టినా సగమో మొత్తమో రాల్చేస్తది. మన ఉత్తర తెలంగాణ చలి తెలుసు కదా, హైదరాబాద్‌లో స్వెటర్ తీసే రోజు కూడ మీ దిక్కు, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు మంట కాడ కూసుంటరు. కాబట్టి ఒక ఏడు రాలుస్తది, ఒక ఏడు రాల్చదు.

చచ్చిందో బతికిందో తెలవాలంటే కొమ్మ మీద గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగ తడి కనిపిస్తే బతికే ఉంది. గోధుమ రంగు, పొడి పొడిగ ఉంటే ఆ కొమ్మ పోయింది, కిందికి పోయి ఇంకో కాడ గీకండి. ఆకు లేనప్పుడు మాత్రం జాలిపడి నీళ్ళు గుమ్మరించకండి, ఆకు లేని చెట్టు నీళ్ళు తాగదు, వేరు కుళ్ళుతది. మీ దిక్కు బొగ్గు దుమ్ము ఆకుల మీద పడితే నెలకోసారి పైపుతో ఆకులు కడగండి, మొదట్ల పోసే నీళ్ళు వేరే, ఆకులు కడిగే నీళ్ళు వేరే.

నమస్తే టీచర్ (మా అమ్మ మిమ్మల్ని టీచర్ అనే అంటది). నేను కాజీపేటల డిగ్రీ ఫస్ట్ ఇయర్. మా బాటనీ మేడమ్ కాగితం పువ్వుల రంగుగ ఉండేది పువ్వే కాదన్నరు. మరి పువ్వు ఏది? ఈ చెట్టుకు ఆ పేరు ఎట్ల వచ్చింది?

మీ మేడమ్ చెప్పింది నిజమే బిడ్డా. ఒక గుత్తి తెంపి అరచేతిల పెట్టుకో. మూడు రంగు రేకులు ఉంటయి, ఒక్కొక్క రేకు వెనక ఈనెలు చూడు, అచ్చం ఆకు ఈనెల లెక్కనే. అవి రంగు పూసుకున్న ఆకులు, పుష్పపుచ్ఛాలు అంటరు మీ పుస్తకంల. ఇప్పుడు ఒక రేకు మెల్లగ వంచు, దాని మధ్య ఈనెకు అతుక్కొని సన్నటి గొట్టం ఉంటది, అగ్గిపుల్లంత, కొసకు తెల్లగనో లేత పసుపుగనో చిన్న చుక్క లెక్క విచ్చుకొని ఉంటది. అదీ అసలు పువ్వు. మూడు రేకులకు మూడు పువ్వులు. అంత చిన్న పువ్వును సీతాకోకచిలుకలు ఎట్ల చూస్తయి, అందుకే చుట్టూ ఇంత పెద్ద రంగు బోర్డు. పువ్వు వాడిపోయినా బోర్డు వారాల తరబడి ఉంటది, మనకు లాభం అదే.

పేరు కథ పెద్దది, నాకు ఇష్టం కూడ. ఫ్రాన్స్ నుంచి బుగాన్విల్ అనే నేవీ ఆయన ప్రపంచం చుట్టిరావడానికి రెండు ఓడలతో బయల్దేరిండు. ఆ ఓడలల్ల ఫిలిబర్ట్ కొమ్మెర్సన్ అనే మొక్కల శాస్త్రవేత్త ఉన్నడు, 1767లో రియో ద జనీరో కాడ ఆగినప్పుడు ఈ మొక్క వాళ్ళ చేతికి దొరికింది, తమ కెప్టెన్ పేరు దానికి పెట్టిండు. తర్వాత 1789లో జుస్యూ అనే ఇంకో ఫ్రెంచాయన పుస్తకంల అచ్చయింది ఆ పేరు. అసలు ముచ్చట ఏందంటే కొమ్మెర్సన్‌కు అసిస్టెంట్ ఒకరు ఉన్నరు, మొక్కలు ఏరుడు, ప్రెస్ చేసుడు, సంచులు మోసుడు అన్నీ ఆ మనిషే. మగవాళ్ళ బట్టలేసుకున్న ఆ మనిషి ఆడామె, జాన్ బరే ఆమె పేరు. అప్పుడు ఫ్రాన్స్ నేవీ ఓడల్ల ఆడవాళ్ళను ఎక్కనిచ్చేటోళ్ళు కాదు. కొమ్మెర్సన్‌కు కాలు నొప్పి ఉండేది కాబట్టి రియోల ఈ మొక్కను నిజానికి తెచ్చింది ఆమెనే అయ్యుంటదని చానామంది అంటరు. ప్రపంచం మొత్తం చుట్టి వచ్చిన మొదటి మహిళ ఆమె. పువ్వుకు పేరు మాత్రం కెప్టెన్‌ది. 2012లో దక్షిణ అమెరికాలనే దొరికిన ఒక వంకాయ కుటుంబం మొక్కకు సోలానమ్ బరేటియే అని ఆమె పేరు పెట్టిండ్రు, రెండు వందల ఏండ్లు దాటినంక.

ఇంకో తమాషా, ఉత్తర పెరూల దీన్ని పపెలీయో అంటరట, అంటే చిన్న కాగితం. మలేషియాల బుంగా కెర్తాస్, అదీ కాగితం పువ్వే. ఎవరూ ఎవరిని అడగకుండనే అందరికీ కాగితమే గుర్తొచ్చింది.

బిడ్డా, నేను జనగామ దగ్గర పల్లెల ఉంట, నా మనవరాలు రాస్తుంది ఈ ఉత్తరం. మా ఊర్ల తంగేడు తగ్గింది, ప్లాట్లు చేసిండ్రు అంత. మా కోడలు బతుకమ్మల కాయితప్పూలు పెడుదమంటది. మా కాలంల పెట్టలే. పెట్టొచ్చునా?

పెద్దమ్మా, పెట్టొచ్చో లేదో చెప్పేంత పెద్దదాన్ని నేను కాదు, అది మీ ఇంటి ఆడోళ్ళు తేల్చుకోవాలె. మా వీధిల అయితే నాలుగైదేండ్ల నుంచి కింద వరుసలల్ల కనిపిస్తున్నయి, ఎవరూ ఏమనలే. మొక్కల లెక్కల మాత్రం ఒక మాట చెప్తా, మీ కోడలికి చెప్పండి, ఖుష్ అయితది. ఈ పూల రంగు గులాబీలల్ల, మందారంల ఉండే రంగు కాదు, బీట్‌రూట్‌ల, ఎర్ర తోటకూరల ఉండే రంగు. గునుగు, పట్టుకుచ్చు పూలల్ల కూడ గదే రకం రంగు ఉంటది, మొక్కల లెక్కల దగ్గరి చుట్టాలే ఇవన్నీ. గునుగు పూలకు బజార్ల రంగులు తెచ్చి అద్దుతున్నరు కదా, చేతులన్నీ అయితయి, చెరువు నీళ్ళల్ల కూడ కలుస్తది. కాయితప్పూలకు ఆ రంగు పుట్టుకతోనే ఉంది.

పెట్టేటట్టయితే పొద్దుగాల ఎండ రాకముందు తెంపండి, ముళ్ళ కాడలు ఇడిచి గుత్తులే తెంపాలె, చిన్నపిల్లలకు ఇయ్యకండి, ఆ ముల్లు గీరుకుంటే కొందరికి దద్దు లేస్తది, మంట పెడ్తది. కాడ పొట్టిగ ఉంటది కాబట్టి తాంబాలం అంచుకు నిలబడవు, గుమ్మడాకుల మీద పరిచి దాని మీద గునుగు వరుస ఏస్తే జారవు. తంగేడు గురించి మాత్రం మనసుకు బాధైంది పెద్దమ్మా. కాయలు ఎండినప్పుడు గింజలు ఏరి పెట్టమనండి మనవరాలిని, వేడి నీళ్ళల్ల రాత్రంత నానబెట్టి వానకాలం గట్టు మీద చల్లితే మొలుస్తయి.

సార్, కరీంనగర్ నుంచి. ఒకే చెట్టుకు తెలుపు, గులాబీ రెండు రంగుల పూలు, ఆకుల మీద కూడా పసుపు మచ్చలు ఉండే రకం 600 పెట్టి కొన్న. ఇప్పుడు రెండు కొమ్మలు ఉత్త పచ్చ ఆకులతోనే జోరుగ పెరుగుతున్నయి. మోసపోయిన్నా?

సార్ కాదు తమ్ముడూ, మేడమ్. మోసం ఏం లేదు. రెండు రంగుల పూల రకాన్ని మేరీ పామర్ అంటరు, దాని కొమ్మల్లోంచి ఆకు మచ్చలతో పుట్టిన రకం తిమ్మా. నీది తిమ్మా అనిపిస్తుంది. ఇట్లాంటివి చానా వరకు ఎవరో రెండు మొక్కలు కలిపి పుట్టించినవి కావు, చెట్టు మీద ఒక కొమ్మ ఉన్నట్టుండి వేరే తీరు పూస్తే దాన్ని కోసి అంటు కట్టి పెంచినవి. అట్ల మారిన కొమ్మ మళ్ళ వెనక్కి కూడ మారుతది. పచ్చ ఆకుకు బలం ఎక్కువ, మచ్చ ఆకుకు తక్కువ, కాబట్టి పచ్చకొమ్మను ఉంచితే రెండేండ్లల్ల చెట్టంత అదే అయితది. ఆ రెండు కొమ్మలు మొదలుకంట కోసెయ్యి, ఇయ్యాలనే. తెలుపు గులాబీ ఎంతెంత వస్తయనేది నీ చేతిల లేదు, ఒక గుత్తి తెల్లది, పక్క గుత్తి గులాబీ, ఒక రేకు సగం సగం, దాని ఇష్టం.

మన దేశంల ఈ చెట్టు మీద పని బాగనే అయింది, ఢిల్లీల పూస ఇన్‌స్టిట్యూట్ అంటరు కదా, అదే భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, ప్రపంచంల ఎక్కడ కొత్త బోగన్‌విల్లా రకం వచ్చినా పేరు నమోదు చేసేది వాళ్ళే. గులాబీలకు పేరుపడ్డ బి.పి. పాల్ గారు వీటిల్ల కూడ రకాలు తీసిండ్రు.

నర్సంపేట నుండి ఒక రైతు: మా ఇల్లు చేను కాడనే, నల్లరేగడి. కాగితం పూల చెట్టు లేత ఆకులు పసుపుగా అయితున్నయి, ఈనెలు మాత్రం పచ్చగ ఉన్నయి. బోరు నీళ్ళు. పొయ్యి బూడిద ఏస్తున్నం మంచిదని.

అన్నా, ఈనెలు పచ్చగ అని మీరు రాసుడు మంచిగైంది, సగం జవాబు అండ్లనే ఉంది. లేత ఆకులు పసుపై ఈనెలు పచ్చగుంటే ఇనుము అందుతలేదు. ముదురాకులు కింది నుంచి పూర్తిగ పసుపైతే లెక్క వేరే. నల్లరేగడిల ఇనుము లేక కాదు, సున్నం పాలు ఎక్కువుండేసరికి వేరుకు అందదు, బోరు నీళ్ళు ఉప్పునీళ్ళైతే ఇంకా గట్టిగ పట్టేస్తది. దాని మీద మీరు బూడిద ఏస్తున్నరు, బూడిద కూడ సున్నం దిక్కే లాగుతది. ఎర్రచెల్క నేలల బూడిద మంచిదే, మీ నేలకు వద్దు.

వరికి కొట్టినట్టే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటర్ నీళ్ళకు 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి, కలిపిన పూటనే కొట్టాలె, నిలవ ఉంటే ఎర్రబడి పనికిరాదు. వారం పది రోజులకు ఒకసారి, రెండు మూడు సార్లు. గోడ మీద, టైల్స్ మీద పడకుండ చూసుకోండి, తుప్పు మరక పోదు, మా ఇంటి మెట్ల మీద ఇంకా ఉంది. వచ్చే వానకాలం ఇంకో మొక్క పెట్టేటట్టయితే రెండడుగుల గుంత తీసి సగం మొరం, ఇసుక కలిపి, నేల కన్నా జానెడు ఎత్తు దిబ్బ మీద పెట్టండి. రేగడిల నీళ్ళు నిలిచేది ఈ చెట్టుకు అస్సలు పడదు. ఎండ, కరువు, కంకర అన్నిటికి ఓర్చుకుంటది, వేరు కాడ బురద ఒక్కటే ఓర్చుకోదు.

అక్కా, పరకాల నుంచి. కొమ్మలు గుచ్చితే పది గుచ్చినా ఒకటి కూడా బతుకుతలేదు. చిగుర్లు వస్తయి, పదిహేను రోజులకు ఎండిపోతయి. మా పక్కింటామె ఊకనే గుచ్చినా బతుకుతయి.

పక్కింటామె చెయ్యి మంచిది అని ఊకోకు, ఆమె ఏ కొమ్మ గుచ్చుతుందో చూడు. నువ్వు లేత పచ్చకొమ్మ గుచ్చుతున్నవని నా అనుమానం. పోయినేటి కొమ్మ కావాలె, పెన్సిల్ లావు, బెరడు బూడిద రంగుకు తిరిగింది, జానెడు పొడుగు. కింద కణుపుకు కొంచెం దిగువన ఏటవాలుగ కోసి, పైన తిన్నగ కోసి (తలకిందులు కాకుండ గుర్తు), ఆకులన్నీ తీసేసి, నర్సరీ షాపుల దొరికే వేరు పౌడర్‌ల కోసిన కొస అద్ది, సగం ఇసుక సగం కొబ్బరి పొట్టు కలిపిన కవర్ల కొమ్మ మూడింట రెండు వంతులు లోపలికి పోయేటట్టు గుచ్చాలె. వేలుతో గుచ్చకుండ ముందుగాల పుల్లతో బొక్క చేసి పెట్టు, లేకపోతే పౌడర్ అంత పైననే తుడుచుకపోతది. నీడల పెట్టు, వాన తిన్నగ పడొద్దు.

చిగురు చూసి మోసపోకు. కొమ్మల దాచుకున్న బలంతోనే మొదటి చిగురు వస్తది, వేరు అప్పటికి ఉండదు. చిగురు చూసి సంబురపడి ఎండల పెడితే నువ్వు చెప్పినట్టే పదిహేను రోజులకు పోతయి. నెలన్నర రెండు నెలలు ఆగాలె, వేరొచ్చిందా అని పీకి చూసుడు బంద్. ఇగ మేరీ పామర్, ముద్దపూల రకం, మచ్చ ఆకుల రకం అయితే కొమ్మ గుచ్చి టైమ్ వేస్ట్ చేయకు, అవి సులువుగ వేరు పట్టవు, గాలి అంటు కట్టాలె. కొమ్మ మీద అంగుళం మేర బెరడు గుండ్రంగ తీసి, తడి నాచు గానీ కొబ్బరి పొట్టు గానీ చుట్టి, పాలిథిన్ కవర్‌తో రెండు దిక్కుల బిగించి కట్టు. తెల్లటి వేర్లు కవర్‌లోంచి కనపడ్డంక కింద కోసుకోవాలె.

సుబేదారి నుంచి: కడియం నుంచి వచ్చిన మొక్క అని నర్సరీల 350 పెట్టి తెచ్చిన, పూలతో నిండుగుంది. ఇంటికొచ్చి పెద్ద కుండీల మార్చిన, పాత మట్టి మొత్తం కడిగేసి మరీ పెట్టిన. వారంల ఎండింది. నర్సరీ అతను నీ తప్పే అంటున్నడు.

ఈ ఒక్క విషయంల నర్సరీ అతను చెప్పింది కరెక్టే, కోపం తెచ్చుకోకండి, నేను కూడ గదే తప్పు చేసి రెండు మొక్కలు చంపిన. కడియం లారీల్ల వచ్చే మొక్కలకు వేరు చుట్టూ జిగట మట్టి గడ్డ ఉంటది, దూరం ప్రయాణంల తడి ఆరొద్దని. యూట్యూబ్‌ల అందరూ ఆ మట్టి కడిగెయ్యాలె అంటరు. గులాబీకి చేస్తే చేసుకోండి, ఈ చెట్టుకు మాత్రం చేయొద్దు. దీని కొమ్మ చూస్తే కట్టె లెక్క ఉంటది గని వేర్లు సేమ్యా లెక్క సన్నం, ముట్టుకుంటే తెగుతయి. నా మొదటి మేరీ పామర్‌ను డాబా మీద బకెట్ నీళ్ళల్ల ముంచి సుతారంగ కడుగుతున్న అనుకున్న, చూస్తే బకెట్ అడుగున జుట్టు రాలినట్టు వేర్లు. అది కూడ ఏప్రిల్‌ల, మా ఆయన ఇప్పటికీ ఎక్కిరిస్తడు.

తెచ్చినంక పది రోజులు అట్లనే అర నీడల ఉంచండి. పూలున్నప్పుడు మార్చకండి. మార్చేటప్పుడు కవర్‌ను బ్లేడుతో చీరి, గడ్డ గడ్డగనే కొత్త కుండీల కూర్చోబెట్టండి, మరీ రాయి లెక్క గట్టిగుంటే చుట్టూ పుల్లతో నాలుగైదు గాట్లు పెట్టండి చాలు. కుండీ ఎంత అని కూడ చానామంది అడిగిండ్రు: పాత కుండీ కన్నా రెండంగుళాలు పెద్దది, అంతే, మొత్తానికి 14 అంగుళాలు దాటకుండనే ఏండ్ల తరబడి పెంచొచ్చు, వేర్లు ఇరుకైతేనే ఇది బాగ పూస్తది. మట్టి సగం ఎర్రమట్టి, పావు ఇసుక, పావు మాగిన ఎరువు, దోసెడు వేప పిండి. కుండీ కింద బొక్క మూసుకపోయిందా చూసుకోండి, వరద నీళ్ళు నిలిచిన కుండీకి ఏ మందూ లేదు. మే నెలల మన ఎండ 44, 45 పోయినప్పుడు మాత్రం కుండీ మొక్కకు రోజూ పొద్దున నీళ్ళు పోయాలె, నీళ్ళు ఆపమన్నది నేలల ఉన్నదానికి, చలికాలం కుండీకి.

భూపాలపల్లి నుంచి ఒకరు: ముళ్ళ చెట్టు ఇంటి ముందు ఉండొద్దంటరు, తీసెయ్యాల్నా?

వాస్తు నా సబ్జెక్టు కాదు. గేటు పక్కన, పిల్లలు సైకిల్ తిప్పే కాడ ఉంటే మాత్రం వాస్తు లేకున్నా తీసెయ్యండి, లేకపోతే కొమ్మలు మనిషెత్తు పైకి కట్టుకోండి. కంటికి తగులుతది. కాంపౌండ్ గోడ మీద అయితే ఉంచండి, ఆ ముళ్ళ మీంచి దుంకి ఎవడొస్తడు?

మహబూబాబాద్ నుంచి: ఈ ఆకు కషాయం తాగితే షుగర్ పోతదని వీడియో చూసిన, మా నాన్నకు ఇయ్యొచ్చా?

ఇయ్యొద్దమ్మా. ఆకుల్ల పినిటాల్ అనే పదార్థం ఉంది, దాని మీద ఎలుకల్ల పరీక్షలు అయినయి, వీడియోలోళ్ళు ఆ ముక్క పట్టుకున్నరు. ఇంట్ల కాచిన కషాయంల అది ఎంత ఉంటదో కొలిచేది లేదు, గోలీల మీద అది కూడ తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. నాన్నను డాక్టర్ చెప్పిన గోలీలే ఏసుకోమను.

జనగామ రోడ్డు నుంచి ఒక డ్రైవర్ తమ్ముడు: అక్కా, హైవే డివైడర్ మీద ఎవరూ నీళ్ళు పోయరు, ఎరువు ఏయరు, అక్కడ మాత్రం గింత ఎట్ల పూస్తయి? మా ఇంట్ల ఎందుకు పూయవు?

తమ్ముడూ, పొద్దు పొడిచినకాడికెల్లి మునిగేదాక ఎండ, కింద కంకర, నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడో ఒకసారి, ఎదురు బండి లైటు ఆపేటంత ఎత్తుకు అప్పుడప్పుడు కత్తెర. నక్కలగుట్ట చెల్లెకు నేను రెండు పేజీలు రాసింది నువ్వు రోజూ హైదరాబాద్ పోయుడు వచ్చుడుల చూస్తున్నవు. ఈసారి పోయేటప్పుడు, బండి ఆపి కాదు, టీ తాగే కాడ ఆగినప్పుడు చూడు, డివైడర్ మీద చెట్టు కింద ఆకు కన్నా రాలిన రేకులే ఎక్కువుంటయి. మీ ఇంటి చెట్టు ఫోటో పంపు, నీడ ఎటు దిక్కు నుంచి పడుతుందో కూడ కనిపించేటట్టు తియ్యి.